బెదిరిన కుక్కే కరుస్తుంది

ఈసారి దీపావళి నవంబరు 8న, ఆదివారం వస్తోంది. సెలవు కలిసొచ్చింది కాబట్టి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గల్లీల్లో శనివారం పొద్దుగూకక ముందే పటాకుల మోత అందుకుంటుంది. పిల్లల చేతులు కాలకుండా చూసుకోండి, గడ్డివాముల దగ్గర, నూలు గోదాముల దగ్గర రాకెట్లు వదలకండి, బకెట్‌ నీళ్లు దగ్గర పెట్టుకోండి అని ఏటా చెప్పే జాగ్రత్తలే ఈ ఏడూ చెబుతారు. చెప్పాల్సిందే. అయితే ఆ పట్టీలో చోటు దొరకని ప్రమాదం ఒకటుంది. చెవులు పగిలే మోతకు హడలిపోయిన కుక్క ఆ రాత్రి ఏం చేస్తుందో మన మూడు పట్టణాలూ ఆలోచించడం లేదు. కుక్కల మీద జాలి ఉన్నవాళ్లూ, కుక్కలంటే గిట్టనివాళ్లూ పట్టించుకోవాల్సిన విషయమిది. గిట్టనివాళ్లు మరికాస్త ఎక్కువగా.

వీధికుక్కల బెడద గురించి మన దగ్గర మాట్లాడని రోజు లేదు. మున్సిపల్‌ సమావేశంలోనూ అదే ముచ్చట, చాయ్‌ దుకాణం దగ్గరా అదే ముచ్చట. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కల గుంపు పొట్టన పెట్టుకున్న దృశ్యాలు చూసినప్పటి నుంచి తల్లుల గుండెల్లో గుబులు అట్లనే ఉంది. అది ఉత్త గుబులు కాదు. కానీ కుక్కలు ఎన్నున్నాయన్న లెక్క మీద ఇంత మాట్లాడే మనం, కుక్క ఎప్పుడు కరుస్తుంది, ఎందుకు కరుస్తుంది అన్న దగ్గరికి రావడం లేదు. పిచ్చి లేని కుక్క మనిషి మీద పళ్లు దించడానికి ఉన్న పెద్ద కారణాల్లో భయం ఒకటి. ఆ భయాన్ని ఏడాదికి ఒక రాత్రి ఊరంతా కలిసి, డబ్బులు పెట్టి మరీ పుట్టిస్తోంది.

సిరిసిల్ల బీవై నగర్‌లో మరమగ్గాల షెడ్ల ముందు నుంచి నడిచిపోతే ఒక దృశ్యం కంటపడుతుంది. లోపల సాంచాలు ఆడుతుంటాయి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికి ఒకరి మాట ఒకరికి వినపడదు. గడప దగ్గర మాత్రం కుక్క ముడుచుకుని పడుకుని ఉంటుంది. నూలు బీములు దించే ఆటో దాని తోకకు జానెడు దూరంలో ఆగినా చెవి ఒకసారి కదిపి మళ్లీ కళ్లు మూసుకుంటుంది. "మా దగ్గరి కుక్కలకు చప్పుడు అలవాటే" అనేవాళ్లు చూపించే సాక్ష్యం ఇదే. పొరపాటు కూడా ఇక్కడే ఉంది. సాంచా చప్పుడు పొద్దటి నుంచి రాత్రి దాకా ఒకే తీరున సాగుతుంది. తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో కుక్కకు తెలుసు. దానివల్ల తనకేమీ కాదని ఏళ్ల తరబడి చూసింది. సుత్లీ బాంబు అట్లా కాదు. ఏ దిక్కు నుంచి వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. కళ్లు చెదిరే వెలుగుతో, ముక్కు మండే గంధకం వాసనతో, కాళ్ల కింద నేల అదురుతో వస్తుంది. ఒకటి పేలాక రెండోది నిమిషానికా, గంటకా అన్నది అంతుపట్టదు. గడప దగ్గర నిశ్చింతగా నిద్రపోయిన ఆ కుక్కనే దీపావళి రాత్రి చూడండి. షెడ్డు వెనక పాత డబ్బాల సందులో దూరి, తోక పొట్ట కిందికి ముడిచి, నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ ఉంటుంది. రోజూ అన్నం పెట్టే మనిషి పిలిచినా బయటికి రాదు.

మనిషి చెవికి అందే శబ్దాల హద్దు సెకనుకు 20 వేల కంపనాలు. కుక్క చెవి దాదాపు 45 వేల దాకా పోతుంది. మనకు వినపడని సన్నని చప్పుళ్లనూ అది పట్టుకుంటుంది. మూడు గల్లీల అవతల పేలిన బాంబును మనం లెక్కచేయకపోవచ్చు, దాని ఒళ్లు లెక్క చేస్తుంది. గుండె దడ పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, పారిపోవాలన్న ఒక్క తలంపు తప్ప మరేదీ మిగలదు. నాలుగేళ్లు ఇదే మోత వింటే అలవాటు పడుతుందనుకుంటారు. చాలా కుక్కల్లో జరిగేది దీనికి తలకిందులు. మొదటి ఏడు బాంబుకు బెదిరిన కుక్క, రెండో ఏడు అగ్గిపుల్ల గీసిన చప్పుడుకే లేస్తుంది. ఆ తరువాత ఉరుముకు కూడా వణుకుతుంది.

పరుగు అందుకున్న కుక్కకు రోడ్డు కనపడదు. నిజామాబాద్‌ వైపు నుంచి ఆర్మూర్‌, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి ఊళ్ల నడుమ నుంచే పోతుంది. పండుగ రాత్రి దాని మీద లారీలు ఆగవు, బండ్ల మీద తిరిగే పిల్లగాండ్లూ ఆగరు. బాంబు పేలి కుక్క అడ్డంగా దూకినప్పుడు చచ్చేది కుక్క ఒక్కటే అనుకోవడానికి వీల్లేదు. హెల్మెట్‌ లేకుండా, ముందర బిడ్డను నిలబెట్టుకుని, వెనక భార్యను కూర్చోబెట్టుకుని అత్తగారింటికి లక్ష్మీపూజకు పోయే మనిషి కూడా అదే రోడ్డు మీద ఉంటాడు.

ఇక కాటు సంగతి. మొరిగే కుక్క కరవదని సామెత. మొరగడం మానేసి మూలకు నక్కిన కుక్క గురించి సామెత ఏమీ చెప్పలేదు. దానికి వెనక గోడ ఉంటుంది, ముందు మనిషి ఉంటాడు, మధ్యలో మరో దారి ఉండదు. దీపావళి మర్నాడు తెల్లారగానే మన గల్లీల్లో పిల్లలు చేసే పని ఒకటుంది. పేలకుండా మిగిలిన పటాకులు ఏరుకోవడం. మోరీ పక్కన, తోపుడుబండి కింద, ఆగి ఉన్న ట్రాలీ కింద, ఇసుక కుప్ప వెనక వంగి చూస్తారు, చేయి పెట్టి తడుముతారు. రాత్రంతా వణికిన కుక్క తలదాచుకునేదీ సరిగ్గా ఆ చోట్లలోనే. ఆరేళ్ల పిల్లవాడి మొహం కుక్క మొహం ఎత్తులో, చేయి అందేంత దూరంలో ఉంటుంది. కాటు కాలికి పడితే ఒక లెక్క. మొహానికి, మెడకు, చేతివేళ్లకు పడితే పిచ్చికుక్క కాటులోని వైరస్‌ మెదడుకు చేరే దారి దగ్గరవుతుంది.

దీనికి కాలం కూడా తోడవుతోంది. చిత్తకార్తె వచ్చిందంటే కుక్కలు గుంపులు కడతాయని మన రైతులకు తరతరాలుగా తెలుసు. అక్టోబరు రెండో వారంలో మొదలయ్యే ఆ కార్తెలో ఏకమైన గుంపులు స్వాతి దాటినా చెదరవు. ఒక ఆడకుక్క వెనక ఏడెనిమిది మగకుక్కలు తిరుగుతూ, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, ముందే చిరాకు మీద ఉంటాయి. అట్లాంటి గుంపు మధ్యలో థౌజండ్‌ వాలా అంటిస్తే ఆ గుంపు ఎటు పరిగెత్తాలో తెలియక తన హద్దు దాటి పక్క గల్లీలో పడుతుంది. అక్కడి కుక్కలు ఊరుకోవు. ఆ కొట్లాట నడుమ చిక్కినవాడు, పని ముగించుకుని సైకిల్‌ మీద ఇంటికి పోయే కార్మికుడైనా సరే, పాలప్యాకెట్లు వేసే పిల్లవాడైనా సరే, వాటికి శత్రువే.

పండుగ అయిపోతుంది. కరిచిన కుక్క మాత్రం ఊరి కళ్లలో పడుతుంది. ఆ తరువాత ఏం జరుగుతుందో మన జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2026 జనవరిలో జగిత్యాల జిల్లా పెగడపల్లిలో విషపు సూదులు వేసి వీధికుక్కలను పెద్ద సంఖ్యలో చంపారని జంతు సంరక్షకులు ఫిర్యాదు చేశారు. పోలీసులు కేసు పెట్టారు. అదే నెలలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల నుంచీ ఇట్లాంటి ఫిర్యాదులే వచ్చాయి. అంతకు ముందు నెలలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద వదిలిస్తామని ఇచ్చిన హామీలే దీనికి కారణమన్న ఆరోపణలూ వినిపించాయి. నేరం ఎవరిదన్నది కోర్టు తేల్చే విషయం. చట్టం ఏమంటుందో మాత్రం ప్రతి సర్పంచికీ, ప్రతి కౌన్సిలర్‌కూ తెలిసి ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌ ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల దాకా జైలు. ఒక గుంపును లేకుండా చేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు, కోళ్ల వ్యర్థాలూ ఎంగిలి విస్తళ్లూ ఉన్నంతకాలం పక్క ఊరి కుక్కలు, టీకా ముఖం ఎరుగనివి, వచ్చి నిండుకుంటాయి. కాటుకు భయపడి చంపిన ఊరికి చివరికి మిగిలేది ఇంకా ప్రమాదకరమైన కుక్కలే.

అయితే నేరమనిపించని క్రూరత్వం మన కళ్ల ముందే జరుగుతుంటుంది. కుక్క తోకకు సీమటపాకాయల దండ కట్టి అంటించడం, పడుకున్న కుక్క పక్కన బాంబు పెట్టి ఫోనులో వీడియో తీయడం. పెద్దవాళ్లు చూసి నవ్వుతారు, లేకపోతే చూడనట్టు లోపలికి పోతారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల లోపే. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. ఇవాళ అగరుబత్తీల కట్టకు కూడా అంతకంటే ఎక్కువే పెడుతున్నాం. అయినా కుక్కకు గాయమైతే 325వ సెక్షన్‌ ఉండనే ఉంది. ఆ వీడియోలో మొహాలు కనపడతాయి, తీసినవాడే సాక్ష్యం తయారుచేసి పెట్టినట్టు.

మోతకూ చట్టం ఉంది. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్‌ దాటే పటాకులను తయారుచేయడం, అమ్మడం, వాడడం నిషిద్ధమని కేంద్రం 1999లోనే నిబంధన పెట్టింది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళి నాడు పటాకులకు రాత్రి 8 నుంచి 10 గంటల దాకా రెండు గంటలే గడువు ఇచ్చింది. ఒకదానికొకటి కట్టిన లడీలను అమ్మకూడదంది. బేరియం లవణాలు వాడకూడదంది. ఉల్లంఘన జరిగితే ఆ పోలీస్‌స్టేషన్‌ ఎస్‌హెచ్‌ఓనే వ్యక్తిగతంగా బాధ్యుడవుతాడని స్పష్టంగా రాసింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి పూట హద్దు 45 డెసిబెల్స్‌. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలాలు.

ఈ నిబంధనల్లో ఏది అమలవుతోందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పమంటే జగిత్యాల టవర్‌ సర్కిల్‌ దగ్గర దుకాణం మూసి పూజ చేసుకునే వ్యాపారి కూడా నవ్వుతాడు. థౌజండ్‌ వాలాలు, టెన్‌ థౌజండ్‌ వాలాలు బహిరంగంగానే దొరుకుతాయి. రాత్రి పన్నెండుకూ ఆగవు. దీపావళి ఒక్క రాత్రే కదా అంటే అదీ కాదు. వినాయకుడి నిమజ్జనం డీజేలతో మొదలై, దుర్గమ్మ ఊరేగింపు, దసరా, దీపావళి, ఆపైన పెళ్లి బరాతులు, డిసెంబరు 31, మధ్యలో ఎవరు గెలిచినా విజయోత్సవాలు. భాద్రపదం నుంచి పుష్యం దాకా మన ఊళ్ల కుక్కలకు చెవులు చల్లబడే వారం లేదు. తాత్కాలిక పటాకుల దుకాణాలకు అనుమతి ఇచ్చే రోజునే లడీలు అమ్మితే లైసెన్సు పోతుందని కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సగం మోత దుకాణం దగ్గరే ఆగుతుంది. రాత్రి పదిన్నరకు గల్లీగల్లీ తిరిగి పిల్లల వెంటపడడం కంటే పోలీసులకు అదే తేలిక.

పండుగ మానుకోమని ఎవరూ అనడం లేదు. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల అభయారణ్యం ఆనుకుని ఉన్న కొల్లుకుడిపట్టి, వేట్టంగుడి ఊళ్లవాళ్లు అక్కడికి గూళ్లు కట్టడానికి వచ్చే పక్షులు బెదరకూడదని దశాబ్దాలుగా దీపావళికి పటాకులే కాల్చరు. చట్టం చెప్పిందని కాదు, ఊరు అనుకుంది. మనం అంత దూరం పోకపోయినా కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలకు వెలుగు ఎక్కువ, మోత తక్కువ. పిల్లలకు కావాల్సింది నిజానికి ఆ వెలుగే. సుత్లీ బాంబు సరదా చాలాచోట్ల పెద్దవాళ్లదే, పిల్లల పేరు మీద నడుస్తుంది.

ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్ల బాధ్యత వేరు. గత పదేళ్లలో మన దగ్గర ఇది బాగా పెరిగింది. ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. కోరుట్ల, మెట్‌పల్లి పక్క ఊళ్లలో కట్టిన రెండంతస్తుల ఇంట్లో భార్య, ముసలి అత్త, ఇద్దరు పిల్లలు. కాపలాకని ఒక లాబ్రడార్‌నో జర్మన్‌ షెపర్డ్‌నో తెచ్చి గేటుకు గొలుసుతో కడతారు. దీపావళి రాత్రి ఆ గొలుసే దానికి ఉరి. బెదిరిన కుక్క గోడ దూకుతుంది, గొలుసు చాలక అవతల వేలాడుతుంది. స్లాబు మీద వదిలితే పిట్టగోడ దూకుతుంది. తాడు కొరికి తప్పించుకుంటే ఎన్నడూ వీధి తొక్కని ఆ కుక్కను వీధికుక్కలు చుట్టుముడతాయి. అందుకని ఆ రెండు రోజులూ గేటు దగ్గర కట్టొద్దు, స్లాబు మీద వదలొద్దు.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో పడేవేం కావు. పొద్దుండగానే, నాలుగు నాలుగున్నరకల్లా బయట తిప్పి తీసుకురావాలి, అదీ మెడపట్టీ బిగుతు చూసుకుని. ఆ పట్టీ మీద ఇంటివాళ్ల ఫోన్‌ నంబరు చెరగని స్యాహీతో రాసి ఉండాలి. చీకటి పడక ముందే అన్నం పెట్టేయాలి, మోత మొదలయ్యాక అది ముద్ద ముట్టదు. ఇంటికి నడిమధ్యన ఉన్న గదిలో, వీధి వైపు కిటికీ లేని చోట, దాని పాత బొంత, నీళ్ల గిన్నె పెట్టి, తెరలు దించి, ఎండాకాలం అటక మీద పెట్టిన కూలర్‌ దించి గట్టిగా తిరగనిస్తే ఆ హోరులో బయటి మోత సగం మునిగిపోతుంది. మంచం కింద దూరితే దూరనీయాలి. గుంజి బయటికి తీయడం, "మా కుక్క భయపడదు" అని పదిమందిలో పరువు కోసం పటాకుల దగ్గరికి తీసుకుపోవడం, ఈ రెంటికీ మించిన తప్పు లేదు. భయపడ్డ కుక్కను దగ్గర తీస్తే భయం ముదురుతుందని ఒక పాత నమ్మకం ఉంది. అది సరికాదు. పక్కన కూర్చుని నెమ్మదిగా వీపు నిమిరే మనిషి ఉంటే దానికి ఊరటే. ముందుగా మేల్కొన్నవాళ్లకు మరో ఉపాయముంది. పటాకుల చప్పుళ్ల రికార్డింగును పండుగకు నాలుగైదు వారాల ముందు నుంచే ఫోనులో చాలా మెల్లగా వినిపిస్తూ, అదే సమయంలో దానికిష్టమైన తిండి పెడుతూ, రోజురోజుకు చప్పుడు కాస్త కాస్త పెంచుతూ పోవాలి. కుక్క చెవులు రిక్కించిందంటే ఆ రోజుకు అక్కడ ఆపాలి. పండుగ ముందు రోజు మొదలుపెట్టి ఫలితం లేదంటే లాభం లేదు.

మందుల సంగతి గట్టిగానే చెప్పాలి. పండుగ ముందు సాయంత్రం మెడికల్‌ షాపు దగ్గర ఈ మాట వినపడుతుంది: "అన్నా, కుక్క మస్తు మొరుగుతది, నిద్ర గోలీ ఏదన్న ఉంటే ఇయ్యరాదే." కౌంటర్‌ వెనకున్న మనిషికి కుక్క బరువు తెలియదు, వయసు తెలియదు, దాని గుండె ఎట్లున్నదో తెలియదు. మనుషుల నొప్పి మాత్రలు పారాసిటమాల్‌, ఐబుప్రొఫెన్‌ కుక్క కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఇంకో రకం మత్తుమందులున్నాయి. అవి ఒంటిని కదలనివ్వవు గానీ లోపలి భయాన్ని తీయవు. కుక్క ప్రతి పేలుడూ వింటూనే ఉంటుంది, లేచి పారిపోలేదు, అంతే. చూసేవాళ్లకు మాత్రం హాయిగా పడుకున్నట్టు కనిపిస్తుంది. మోతభయం కోసమే తయారైన మందులు ఇప్పుడున్నాయి. వాటిని రాయాల్సింది పశువైద్యుడు, అది కూడా కుక్కను చూశాక. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పశువైద్య కళాశాల కోరుట్లలోనే ఉంది. బర్రెకు జ్వరమొస్తే పోయే దారి కుక్కకు దడ పుడితే కూడా పోవచ్చు. పోయేవాళ్లు పండుగకు పది రోజుల ముందే పోవాలి. శనివారం సాయంత్రం ఆరింటికి ఫోన్‌ చేస్తే ఎంత మంచి డాక్టరైనా చేయగలిగింది తక్కువ.

పండుగ తిండి కూడా విషమవుతుంది. సెలవు మీద వచ్చినాయన సూట్‌కేసులో దుబాయి చాక్లెట్లు ఉంటాయి. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్‌ను కుక్క ఒళ్లు త్వరగా అరిగించుకోలేదు. నలుపెక్కిన కొద్దీ ప్రమాదం. కిస్‌మిస్‌ వేసిన సేమియా, మిఠాయిలు కొన్ని కుక్కల మూత్రపిండాలను చెడగొడతాయి. షుగర్‌ ఉన్న పెద్దమనిషి కోసం తెచ్చిన షుగర్‌ఫ్రీ మిఠాయిలో, చూయింగ్‌ గమ్‌లో జైలిటాల్‌ ఉంటే అది మరీ చెడ్డది. దీనికి తోడు మర్నాడు వాకిట్లో పడి ఉండే కాలిన తీగలు, మందు రాలిన కాగితాలు, సగం కాలిన చిచ్చుబుడ్లు. వీధికుక్క, ఇంటి కుక్క తేడా లేకుండా వాసన చూస్తాయి, నాకుతాయి. ఒళ్లు కాలితే చల్లని నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. టూత్‌పేస్ట్‌, పసుపు, సిరా పూయకూడదు.

హాలోవీన్‌ ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలి. 2024లో దీపావళి, హాలోవీన్‌ రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. డల్లాస్‌, న్యూజెర్సీల్లో ఉన్న మన పిల్లల ఇళ్లలో ఒకే సాయంత్రం గుమ్మం ముందు దీపాలూ వెలిగాయి, దయ్యం వేషాల పిల్లలు చాక్లెట్ల కోసం డోర్‌బెల్‌ నొక్కుతూనూ ఉన్నారు. అక్కడ చాలా ఇళ్లలో కుక్కను ఆ సాయంత్రం వెనక గదిలో ఉంచి తలుపు వేస్తారు. చాక్లెట్ల గిన్నె అందనంత ఎత్తులో పెడతారు. కుక్కకు వేషం వేస్తే వేసి, అది ఇబ్బంది పడగానే విప్పుతారు. బ్రిటన్‌లోనూ నవంబరు 5 బాన్‌ఫైర్‌ రాత్రికి ముందు పశువైద్యులు, జంతు సంరక్షణ సంస్థలు ఇవే జాగ్రత్తలు చాటుతాయి. అక్కడ వీధికుక్కలు చాలా తక్కువ కాబట్టి తలుపు మూస్తే సమస్య తీరినట్టే. మన దగ్గర చాలా కుక్కలకు మూసుకోవడానికి తలుపే లేదు. డల్లాస్‌లో కొడుకు పాటించే జాగ్రత్తలు కోరుట్లలో తండ్రికి ఇంటి కుక్క వరకే సరిపోతాయి. వీధి కుక్కకు పనికొచ్చేది మున్సిపాలిటీ చేయాల్సిందే.

మున్సిపాలిటీల పని పండుగ నాడు మొదలయ్యేది కాదు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ చేసి, రేబిస్‌ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, తెచ్చిన చోటే వదలడం స్థానిక సంస్థ బాధ్యత. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఢిల్లీ కుక్కల కేసులో తన అంతకు ముందరి ఆదేశాన్ని సవరిస్తూ, పిచ్చి పట్టినవీ దాడికి దిగేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్‌, టీకా అయ్యాక వాటి చోటికే పంపాలంది. తిండి పెట్టడానికి విడిగా చోట్లు చూపమంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మున్సిపాలిటీలు చిత్తకార్తెకు ముందే ఆపరేషన్లు ఒక కొలిక్కి తెస్తే గుంపులు కట్టే కుక్కలే తగ్గుతాయి. వార్డువారీగా ఎన్ని కుక్కలకు టీకా పడిందో ఆఫీసు గోడ మీద అతికించమని కౌన్సిలర్లు అడగాలి. ఆ అంకె ఎంత తక్కువ ఉంటే దీపావళి కాటు అంత ప్రాణాంతకం.

పండుగ వారంలో చేయగలిగినవీ ఉన్నాయి. కోడి, మేక మాంసం దుకాణాల వ్యర్థాలు శనివారం సాయంత్రానికే ఎత్తేస్తే కుక్కల గుంపు జనం మధ్య చేరదు. రోజూ తిండి పెట్టేవాళ్లు ఆ రెండు రోజులూ సాయంత్రం నాలుగింటికే, పటాకులు కాల్చే మైదానాలకు దూరంగా పెట్టాలి. సోమవారం తెల్లవారుజామున సఫాయి కార్మికులు ముందుగా చీపురు పట్టాల్సింది మెయిన్‌ రోడ్డు కాదు, పిల్లలు ఏరుకునే గల్లీలు. ఆ కార్మికులకు కూడా గమ్‌బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి. చెత్తకుప్ప వెనక నక్కిన కుక్కకు ఆ రోజు మొదట ఎదురయ్యే మనిషి వాళ్లే.

అన్నీ చేశాక కూడా ఎవరినో ఒకరిని కుక్క కరవొచ్చు, గీరొచ్చు. మోతకు బెదిరి కరిచింది కదా, పిచ్చికుక్క కాదులే అని ఊరుకోవడం ఈ ప్రమాదాల్లోకెల్లా పెద్దది. చూడగానే తేల్చుకునే వీలు లేదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు చికిత్స దాదాపు లేనట్టే. గాయాన్ని ఆ క్షణమే కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ సూది కూడా పడాలి, అది అడిగి వేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా నాలుగుసార్లు పడుతుంది. మొదటి సూది పడిన రోజును సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. ఆదివారం రాత్రి కరిస్తే ఆ రాత్రే పోవడం మంచిది. కుదరక సోమవారం నవంబరు 9 ఉదయం మొదటి సూది వేయించుకుంటే మిగతా మూడూ 12న, 16న, డిసెంబరు 7న పడాలి. గాయం మానిందని చాలామంది ఎగ్గొట్టేది ఆ డిసెంబరు సూదినే. ఆశా కార్యకర్త దగ్గర ఆ నాలుగు తేదీలూ, ఇంటి చిరునామా రాయించి పెట్టుకోవాలి.